ఇష్టం లేని కుట్టు

అమ్మాయి పురిటికని అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చానని మీకు తెలుసు కదా. పత్యం వంటలు, పసివాడి స్నానాలు, ఆ చలి, అన్నీ ఇదివరకే రాశాను. ఒక్క సంగతి మాత్రం మిగిలిపోయింది. అది అమ్మతో ముడిపడిన సంగతి కావడంతో రాయనా వద్దా అని ఇన్నాళ్లూ ఊగిసలాడాను.

పిల్లాడికి మూడో నెల వచ్చాక ఒక శనివారం అల్లుడు మమ్మల్ని ఓ పాతకాలం ఇల్లు చూపించడానికి తీసుకెళ్లాడు. రెండొందల ఏళ్ల నాటి ఇల్లు, ఇప్పుడు మ్యూజియం చేశారు. వంటింట్లో మనిషి పట్టేంత పొయ్యి, మూలన రాట్నం, కిర్రుమనే చెక్క మెట్లు. ముందుగదిలో గోడ మీద ఫ్రేము కట్టిన గుడ్డ ఒకటుంది. దాని మీద క్రాస్ స్టిచ్‌తో ఏబీసీడీలు, అంకెలు, ఎర్ర ఇటుకల ఇల్లు, అటో చెట్టు, ఇటో చెట్టు, ఇంటికంటే పెద్ద పిట్ట. అడుగున కుట్టిన పిల్ల పేరు, ఎన్నో ఏట కుట్టిందో ఆ అంకె. పేరు మర్చిపోయాను గానీ అంకె గుర్తుంది. తొమ్మిది.

"ఇది మన అమ్మమ్మ వెల్‌కమ్ కదే!" అన్నాను మా అమ్మాయితో. అదీ నవ్వింది.

యాభై దాటినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఇళ్లలో గుమ్మం మీద మ్యాటీ గుడ్డ మీద కుట్టిన వెల్‌కమ్, రెండు చిలకలు, చుట్టూ గులాబీలు, అద్దం వేసిన ఫ్రేము ఉండేది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు తలెత్తి చూడగానే "మా అమ్మాయే కుట్టిందండీ" అనేవారు. మా అమ్మ కుట్టిన దాంట్లో ఆఖరి 'ఇ'కి చోటు చాలక, అది మిగతా అక్షరాల్లో సగం ఉండి పక్కకి ఒదిగి ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని చూసి "అమ్మా, నీ 'ఇ'కి జొరమొచ్చింది" అని ఏడిపించేవాళ్లం.

ఆ మ్యూజియంలో గుడ్డని శాంప్లర్ అంటారట. నమూనా అని అర్థం. ఇంటికొచ్చాక మా అమ్మాయి లైబ్రరీ నుంచి వాటి మీద లావుపాటి పుస్తకాలు తెచ్చిపెట్టింది. పిల్లాడు పడుకున్న మధ్యాహ్నాలు బొమ్మలు చూడ్డంతో మొదలుపెట్టి, అమ్మాయిని అర్థాలు అడుగుతూ చదవడం దాకా వచ్చాను. ఇంగ్లీషు పుస్తకం ఇంత పట్టుదలగా డిగ్రీలో కూడా చదవలేదు.

అమెరికాలో ఇప్పటికి దొరికిన వాటిలో అన్నిటికంటే పాతది 1653 ప్రాంతంలోది. కుట్టిన పిల్ల లోరా స్టాండిష్. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన మైల్స్ స్టాండిష్ కూతురు. పొడుగ్గా, సన్నగా తువ్వాలుముక్కలా ఉంటుంది, వరసలు వరసలుగా డిజైన్లు. అప్పట్లో శాంప్లరంటే గోడకి పెట్టుకునేది కాదు, చుట్టి పెట్టెలో దాచుకుని కావలసినప్పుడు తీసి చూసుకునే కుట్ల పుస్తకం. ప్లిమత్ ఊళ్లో పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలో ఉందిప్పుడు. లోరా తండ్రి కంటే ముందే పోయింది. 1656లో ఆయన తన విల్లులో, నన్ను నా కూతురు లోరా పక్కన, కోడలి పక్కన పాతిపెట్టండి అని రాయించాడు. విల్లులో ఆ మాట, ఈ గుడ్డ. ఆ పిల్ల గురించి లోకానికి మిగిలింది దాదాపు అంతే.

తర్వాత తర్వాత గుడ్డలు నలుచదరం అయ్యాయి, ఏబీసీడీలు వచ్చాయి. ఏబీసీడీలు ఎందుకు కుట్టించేవారో తెలుసుకున్నప్పుడు నాకు మన ఇత్తడి, స్టీలు సామాన్లు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఖరీదైన ఆస్తుల్లో దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు కూడా ఉండేవి. నార వడికి, నేసి, కుట్టినవి కదా. వాటిమీద ఇంటివాళ్ల పొడి అక్షరాలు, ఎన్నో నంబరు దుప్పటో, చిన్న క్రాస్ స్టిచ్‌తో వేసేవారు. చాకిరేవుకి వెళ్లినప్పుడు పోకుండా, అన్నీ వంతులవారీగా వాడి సమానంగా అరిగేలా. మనకి చాకలి జీడిగింజ రసంతో గుర్తు పెట్టేవాడు, గిన్నెల మీద పేర్లు మనం చెక్కించుకునేవాళ్లం. వాళ్లకి ఆ రెండు పనులూ ఇంటి ఆడపిల్ల సూదే చేసేది. అందుకని ఐదారేళ్ల వయసులోనే సూది చేతికిచ్చి ముందు ఈ అక్షరాల గుడ్డ కుట్టించేవారు. పాతవాటిలో జె, యు కనపడవు చాలాచోట్ల. జె పని ఐ చేసేది, యు పని వి చేసేది. మ్యూజియంలో నేను పిల్ల మర్చిపోయిందనుకుని జాలిపడ్డాను!

ఇంకో సంగతి చదివి మాత్రం పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆ కాలంలో చదవడం, రాయడం రెండూ వేర్వేరు విద్యలట. బైబిలు చదువుకోవాలి కాబట్టి న్యూ ఇంగ్లండ్‌లో ఆడపిల్లలకి చదవడం నేర్పేవారు. ఎవరో ఒకావిడ తన ఇంట్లోనే నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని అక్షరాలూ సూదిపనీ కలిపి చెప్పేది. రాయడం మటుకు వ్యాపారానికీ, ఉద్యోగానికీ పనికొచ్చే విద్య, అది మగపిల్లలది. వాడికి కలం, దీనికి సూది. ఆస్తి కాగితాల మీద సంతకం బదులు గుర్తు గీసిన ఆడవాళ్లలో చక్కగా చదవగలిగినవాళ్లు కూడా ఉండేవారట. కాలం గడిచేకొద్దీ ఆడపిల్లలకి రాతా నేర్పారనుకోండి. అయినా ముందు చేతికొచ్చింది సూదే.

ఇదంతా చదివి అమెరికావాళ్లని ఆడిపోసుకోవడానికి మనకి నోరెక్కడిది!

అన్నట్టు, మా స్కూల్లో కూడా కుట్టు క్లాసు ఉండేది. తెల్ల షీట్ల మీద గుడ్డముక్కలు అంటించి కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా కుట్టు, రఫ్పు, ఒక్కోదాని కింద పేరు రాసి ఫైలు చెయ్యాలి. మాది మిషన్ స్కూలు. గుంటూరుకి 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచే వచ్చాడు, ఆ తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు. మిషన్ బడుల్లో ఆడపిల్లలకి చదువుతోపాటు సూదీదారం ఇవ్వడం మామూలే. ఆ లెక్కన నా ఫైలుకీ ఆ శాంప్లర్‌కీ చుట్టరికం ఉంది. నా ఫైలు సగం మా అమ్మే కుట్టిపెట్టిందని ఇప్పుడు ఒప్పుకుంటే మా టీచరుగారు ఏమీ అనరు.

కొంచెం డబ్బున్నవాళ్ల పిల్లలు పదీ పన్నెండేళ్లు వచ్చాక పెద్ద ఊళ్లలో బడికి వెళ్లేవారు. అక్కడ కుట్టేది వాడకానికి కాదు, చూపించడానికి. పట్టుదారాలు, పూలతీగెల అంచు, నాలుగు లైన్ల పద్యం. ఆ పద్యాలు ఎక్కువగా పెద్దలమాట వినమనీ, చావు దగ్గర్లోనే ఉందనీ! ఎనిమిదేళ్ల పిల్లచేత కుట్టించే మాటలా అవి? డిజైను గీసేది టీచరు, కుట్టేది పిల్ల. అందుకే ఒక బడి పిల్లల గుడ్డలన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. బెటీ రింగ్ అనే ఆవిడ ఏళ్లకి ఏళ్లు వాటిని సేకరించి, పోలికలు పట్టి, ఏ గుడ్డ ఏ టీచరు దగ్గర కుట్టిందో విడదీసి 1993లో రెండు సంపుటాల పుస్తకం వేసింది. నేను చదివిన లావుపాటివి అవే. పని కష్టమెందుకంటే, గుడ్డ మీద ఉండేది పుట్టింటి పేరు. పెళ్లవగానే ఇంటిపేరు మారిపోతుంది, ఆ పిల్ల కాగితాల్లోంచి మాయమైపోతుంది. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడ పట్టుకున్న టీచర్లలో నాకు బాగా నచ్చింది మేరీ బాల్చ్. రోడ్ ఐలాండ్‌లో ప్రావిడెన్స్ ఊరు. 1785 ప్రాంతంలో మొదలుపెట్టిన బడి 1831లో పోయేదాకా నడిపింది. ఆ పిల్లల గుడ్డల మీద ఆ ఊరి కచేరీ భవనం, కాలేజీ భవనం ఉంటాయి. ఆ కాలేజీలో ఆడపిల్లలకి ప్రవేశం లేదు మరి. కిటికీలు లెక్కపెట్టి మరీ కుట్టారు.

పెన్సిల్వేనియాలో క్వేకర్లు 1799లో పెట్టిన వెస్ట్‌టౌన్ బడి ఇంకో రకం. పూలూ పిట్టలూ వాళ్లకంతగా పట్టవు. బట్ట చిరిగితే అతుకు కనపడకుండా రఫ్పు చెయ్యడం మీద ఒక శాంప్లర్ కుట్టించేవారు. దానికంటే వింత, అక్కడి ఆడపిల్లలు పట్టుగుడ్డతో గ్లోబులు కుట్టేవారు. నిజం గ్లోబులే. గుండ్రంగా, లోపల ఉన్ని కూరి, పైన దేశాలు, సముద్రాలు, రేఖలు దారంతో. నక్షత్రాల గ్లోబు వేరే. రేచల్ కోప్ అనే పిల్ల 1816లో ఇంటికి ఉత్తరం రాస్తూ, ఇవి చెయ్యడం నానా యాతన అయ్యేట్టుంది గానీ మీకు వింతగా ఉంటాయి, తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పాఠం చెప్పడానికి పనికొస్తాయి అంది. సూదిపట్టిన చేత్తోనే భూగోళం నేర్చుకుందన్నమాట. కుట్టుపనంతా ఆడపిల్లని కట్టిపడేసే తాడే అని అందామనుకున్నప్పుడల్లా నాకీ గ్లోబులు అడ్డొస్తాయి.

గ్లోబులు అడ్డొచ్చినట్టే ప్రూడెన్స్ పండర్సన్ కూడా అడ్డొస్తుంది, ఇంకో రకంగా. ఆమెది శాంప్లర్ కాదు, పట్టుదారంతో కుట్టిన బొమ్మ. 1758లో పుట్టిన కనెటికట్ పిల్ల. ఒకే గదిలో మూడు దశలు కుట్టింది. ఒకచోట ఊయల్లో పాప, మధ్యలో బల్ల దగ్గర కూర్చుని పనిచేసుకుంటున్న యువతి, ఇంకోచోట శవపేటిక. పేటిక మీద పి.పి. అని తన పొడి అక్షరాలే. పెళ్లయిన ఏడాదికి, ఆడపిల్లని కని, 26 ఏళ్లకే 1784లో పోయింది. పురిటింట్లో కూర్చుని చదివేసరికి నాకు గుండె ఝల్లుమంది. లేచి వెళ్లి మా అమ్మాయి పడుకుందో లేదో చూసొచ్చాను.

మర్నాడు మళ్లీ ఆ బొమ్మ చూస్తే ఊయల పక్కన ఇంకో మనిషి కనపడింది. ఒక నల్లమ్మాయి, పాపని చూసుకుంటోంది. ఆ ఇంట్లో బానిసలు ఉండేవారు. ఆ అమ్మాయి పొడి అక్షరాలు ఎక్కడా లేవు. ప్రూడెన్స్ తన చావుకి కూడా పేరు వేసుకోగలిగింది.

అలాగని నల్లపిల్లల శాంప్లర్లు లేవని కాదు. ఫిలడెల్ఫియాలో వాళ్లకోసం పెట్టిన బడిలో 1793లో మేరీ డిసిల్వర్ కుట్టినది ఉంది. మిషన్ బడుల్లో అక్కడి ఆదివాసీ ఆడపిల్లలు కుట్టినవీ ఉన్నాయి. చోక్టా పిల్ల క్రిస్టీన్ బేకర్ మిసిసిపీలో మేహ్యూ మిషన్‌లో కుట్టింది 1830లో. వాళ్లని ఆ నేలమీంచి వెళ్లగొట్టే ఒప్పందం జరిగిందీ ఆ ఏడే. తనకిచ్చిన ఏబీసీడీలతో తన పేరూ, తాను చోక్టా పిల్లననీ కుట్టుకుంది.

ఇంత బరువు మధ్య నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను. కొన్ని గుడ్డల మీద పేరుంటుంది, ఊరుంటుంది, సంవత్సరం దగ్గర మాత్రం అంకెలు విప్పేసి సూది రంధ్రాలు మిగిలి ఉంటాయి. పెద్దయ్యాక వయసు బయటపడుతుందని ఆ తల్లులే కత్తెరేసి విప్పేసేవారట. ముందుగదిలో అందరికీ కనపడేలా తగిలించుకున్నాక వచ్చిన తంటా! ఇది చదివి నేనూ మా అమ్మాయీ పిల్లాడు లేస్తాడని నోరుమూసుకుని నవ్వాం.

న్యూజెర్సీలో మేరీ ఆంట్రిమ్ అనే పిల్ల 1807లో కుట్టిన శాంప్లర్ 2012లో వేలంలో పది లక్షల డాలర్లు దాటి పోయిందట. అల్లుడు ఆ ఒక్క ముక్క మాత్రం చాలా శ్రద్ధగా విన్నాడు.

ఇక ప్యాటీ పోక్. 1921లో ఇద్దరు ఆడవాళ్లు ఊరూరా తిరిగినట్టుగా వివరాలు పోగేసి అమెరికా శాంప్లర్ల మీద పెద్ద పుస్తకం వేశారు. అందులో వందల కొద్దీ పేర్ల మధ్య ఈ పిల్ల ఉంది. మేరీలాండ్, 1800 ప్రాంతం, పదేళ్లు. గుడ్డమీద భక్తిపద్యం కుట్టలేదు. ఇది ప్యాటీ పోక్ చేసింది, ఇందులో ప్రతి కుట్టూ తనకి అసహ్యమే, తనకి చదువుకోవడమే ఎంతో ఇష్టం అని కుట్టిందట. కుట్టడం ఇష్టం లేదని చెప్పడానికి ఇంకా నాలుగు వరసలు ఎక్కువ కుట్టింది పిచ్చిపిల్ల!

ఆ రోజు రాత్రి, అంటే మనకి పొద్దున్న, అమ్మకి వీడియో కాల్ చేశాను. పిల్లాడి ముచ్చట్లయ్యాక ఈ ప్యాటీ సంగతి చెప్పాను. నవ్విద్దామనే చెప్పాను. అమ్మకి కుట్టంటే ప్రాణమని కదా మా ఇంట్లో అందరి లెక్క. మాకు గౌన్లు, గలీబుల మీద పూలు, నా స్కూలు ఫైలు, అన్నీ ఆవిడే.

అమ్మ నవ్వలేదు. వెనకాల గుమ్మం మీద ఆ వెల్‌కమ్ ఫ్రేము సగం కనపడుతోంది.

"నాకూ అంతేనే," అంది.

"అంతే అంటే?"

"ఎనిమిదో తరగతి అయ్యాక హైస్కూలు పక్క ఊళ్లో అని మానిపించేశారుగా. ఊరికే కూర్చోకూడదని మా నాన్న కుట్టు నేర్పే అక్కయ్యని పెట్టించారు. నాలుగు నెలలు కుట్టానది. తమ్ముడు అదే గదిలో కూర్చుని పైకి చదువుకునేవాడు. వాడి పాఠాలు నాకు నోటికొచ్చేవి. ఆ ఇంగ్లీషు మాటకి అర్థం కూడా వాడే చెప్పాడు, అంతా అయిపోయాక."

"మరి ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"ఎవరడిగారు?"

ఆవిడ కోపంగా అనలేదు. ఏ కూర వండావంటే చెప్పినట్టే చెప్పింది. "తర్వాత్తర్వాత చెయ్యి అలవాటు పడిందిలే. మీకు కుట్టినవి ఇష్టంగానే కుట్టాను. అది మాత్రం..." అని వెనక్కి తిరిగి ఫ్రేము వైపు చూసింది. "ఆ చివరి అక్షరం దగ్గర నాకు విసుగొచ్చేసింది. విప్పి మళ్లీ కుట్టమంది అక్కయ్య. కుట్టనన్నాను. ఆ ఒక్కటీ కుట్టనన్నాను."

నలభై ఏళ్లు దానికి జొరమొచ్చిందని ఏడిపించాం.

ఏమనాలో తెలీక నేను శాంప్లర్ల మీద పేరు కుట్టే సంగతి ఎత్తాను. నువ్వెందుకు వేసుకోలేదమ్మా పేరు అన్నాను. "పెళ్లయ్యాక ఏ ఊరో ఏ ఇంటిపేరో, ఎందుకులే అనేది అక్కయ్య," అంది. స్టీలు సామాన్ల మీద కూడా నాన్న పేరే ఉంది అని నాకప్పుడు తట్టింది. పైకి అనలేదు.

అమ్మ కాసేపు ఫోను వైపే చూసింది.

"ఆ పిల్లని తర్వాత చదవనిచ్చారా?" అంది.

"ఏ పిల్లని?"

"అదే, ప్యాటీ."

"పుస్తకంలో అంతవరకే ఉందమ్మా."

"కనుక్కో," అంది. లోపల పాలు పొంగుతున్న చప్పుడైతే ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. నాకు తెరంతా సీలింగ్ ఫ్యానే కనపడుతూ ఉంది.